చక్రం దగ్గర చప్పుడు: షెడ్డుకు వెళ్లే ముందే ఆచూకీ పట్టడం ఎలా

"చక్రం దగ్గర ఏదో చప్పుడు వస్తోంది, చూడండి" అని తాళంచెవి ఇచ్చి వెళ్లిపోతే మెకానిక్ మాత్రం ఏం చేస్తాడు? షెడ్డు ముందు సందులో అటూ ఇటూ ఓ రెండు వందల గజాలు తిప్పి చూస్తాడు. 70 వేగంలో వచ్చే హోరు ఆ సందులో 20 వేగంలో రాదు. ఇక అనుభవాన్ని నమ్ముకుని బేరింగ్ (చక్రం నున్నగా తిరిగేలా మధ్యలో ఉండే భాగం) మార్చేస్తాడు. మీరు బిల్లు కట్టి నల్లగొండలో బయలుదేరి నకిరేకల్ చేరేలోపే పాత హోరు మళ్లీ మొదలవుతుంది. అతన్ని తిట్టుకుని లాభం లేదు. ఆ చప్పుడు ఏ వేగంలో వస్తుంది, ఎటు తిప్పితే పెరుగుతుంది, బ్రేకు వేస్తే ఏమవుతుంది అన్నవి రోజూ నడిపే మీరు చెప్పాల్సినవి. అవి చెప్పగలిగితే సగం పని షెడ్డు బయటే అయిపోతుంది.

కింద చెప్పేదంతా మామూలు చిన్న కార్లకు, అంటే ఇంజను బలం ముందు చక్రాలకు అందే కార్లకు సరిపోతుంది. వెనుక చక్రాలతో నడిచే జీపులకు, ట్రాలీలకు కూడా చాలామటుకు వర్తిస్తుంది. కావాల్సినవి బండితో వచ్చిన జాకీ, వీల్ పానా, ఒక టార్చి, పాత గుడ్డ. ఇవి కాక పక్కన కూర్చుని వినే మనిషి ఒకరు ఉంటే మంచిది. నడిపేవారి చెవికి అన్ని చప్పుళ్లూ ముందు నుంచే వస్తున్నట్టు అనిపిస్తాయి.

మొదట ఆగి ఉన్న బండిని చూడండి

చదునైన చోట ఆపి, నాలుగు టైర్లనూ వంగి చూడండి. వేగంతో పాటు జోరందుకునే 'టిక్ టిక్ టిక్' చప్పుడుకు చాలాసార్లు కారణం టైరు గాడుల్లో ఇరుక్కున్న కంకర రాయి. స్క్రూడ్రైవర్‌తో పీకేస్తే సరి. అది రాయి కాక మేకు అయితే మాత్రం చెయ్యి పెట్టకండి. దాన్ని అలాగే ఉంచి, గాలి సరిగా ఉందో లేదో చూసుకుని, పంచర్ షాపు దాకా నెమ్మదిగా నడపండి. పొలాల మధ్య పీకి, ఆనక స్టెపినీలో గాలి లేదని తెలిస్తే తలపట్టుకోవాలి.

వీల్ క్యాప్ లూజుగా ఉందా, మడ్ ఫ్లాప్ టైరుకు తగులుతోందా, చక్రం పైనుండే ప్లాస్టిక్ తొడుగు ఊడి వేలాడుతోందా చూడండి. స్టీరింగ్ తిప్పినప్పుడు మాత్రమే 'సర్ సర్' మని వినిపిస్తే ముందుగా ఈ తొడుగునే అనుమానించండి.

కోతల కాలంలో ఇంకొకటి చూడాలి. వానాకాలం పంటకు అక్టోబరు, నవంబరుల్లో, యాసంగికి ఏప్రిల్, మే నెలల్లో మిర్యాలగూడ, హాలియా, హుజూర్‌నగర్ వైపు సగం రోడ్డు వడ్లదే. రాశుల మీద కప్పిన పరదాలు లేవకుండా పెట్టిన రాళ్లు చీకట్లో కనిపించవు. ఆ సంగతి వేరే. గడ్డి, నైలాన్ తాడు ముక్కలు, గోనెసంచుల దారం చక్రాన్ని తిప్పే కడ్డీకి, అంటే యాక్సిల్‌కు చుట్టుకుంటాయి. గడ్డి అయితే కొంతదూరం గీసుకుని రాలిపోతుంది. నైలాన్ దారం అలా కాదు. బిగుసుకుని, వేడెక్కి, ఆయిల్ సీలును కోసేస్తుంది. టార్చి వేసి చక్రం లోపలివైపు చూడండి. దారం కనిపిస్తే లాగకుండా బ్లేడుతో ముక్కలుగా కోసి తీయండి.

ఇప్పుడు స్టీరింగ్‌ను ఒకవైపు పూర్తిగా తిప్పండి. ముందు టైరు లోపలి పక్కగోడ కనిపిస్తుంది. గుంతలో పడ్డ టైరుకు లోపలి దారాలు తెగి అక్కడ ఉబ్బు వస్తుంది. బయటివైపు శుభ్రంగా ఉండి లోపలివైపే ఉబ్బిన టైర్లు ఉంటాయి. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు 'దబ్ దబ్ దబ్' మని తాళం వేసినట్టు వినిపించేది అదే. పక్కగోడ ఉబ్బుకు అతుకు ఉండదు, ఎవరు వేస్తామన్నా ఒప్పుకోకండి. మే నెలలో 44 డిగ్రీల ఎండలో, హైవే వేగంలో ఆ టైరు పగిలితే కారు అదుపులో ఉండదు. అక్కడికక్కడే స్టెపినీ వేయండి.

అదే చూపులో రిమ్ము లోపల నల్లటి జిడ్డు చిమ్మినట్టు ఉందేమో గమనించండి. ఉంటే యాక్సిల్ చివర ఉండే రబ్బరు బూటు చిరిగి గ్రీజు బయటికి వస్తోందన్న మాట. ఇంకా చప్పుడు మొదలు కాకపోతే మీ అదృష్టం. బూటు, గ్రీజు మారిస్తే సరిపోతుంది. వదిలేస్తే లోపలికి దుమ్ము చేరి మొత్తం జాయింటే పోతుంది.

టైరును చేత్తో నిమరండి

ఈ పని చాలామంది చేయరు. హోరు సంగతి తేల్చేది మాత్రం ఇదే. తీగలు బయటికి పొడుచుకు రాలేదని చూసుకుని, అరచేతిని టైరు రోడ్డుకు ఆనే భాగం మీద ముందు అడ్డంగా, తర్వాత చుట్టు దిశలో నిమరండి. రెండు వైపులకూ నిమిరి చూడాలి. ఒకవైపు నున్నగా, ఎదురువైపు చేపను తోక నుంచి తలకు నిమిరినట్టు గరుకుగా తగిలితే అలైన్‌మెంట్, అంటే చక్రాలు నిలబడాల్సిన కోణం తప్పింది. చుట్టు దిశలో అక్కడక్కడ పల్లాలు, మెట్లు తగిలితే షాక్ అబ్జార్బర్ బలహీనపడి చక్రం ఎగురుతూ నడుస్తోందని, లేదా చాలాకాలంగా బ్యాలెన్సింగ్ చేయించలేదని అర్థం. ఇలా అరిగిన టైరు అచ్చం పోయిన బేరింగ్ లాగే హోరెత్తిస్తుంది.

టైరు వయసూ చూడండి. పక్కగోడ మీద డాట్ (DOT) అన్న అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2321 అని ఉంటే 2021లో 23వ వారం తయారైందని. గాడులు ఎంత లోతున్నా, ఏళ్లు గడిచిన రబ్బరు గట్టిపడి చప్పుడు చేస్తుంది. గాడుల మధ్య చిన్న దిమ్మెలు ఉంటాయి. అరిగి వాటి మట్టానికి వచ్చిన టైరులో మిగిలింది 1.6 మిల్లీమీటర్ల లోతే. దాన్ని ఇక తీసేయాల్సిందే.

ఇప్పుడు నడిపి వినండి

బయలుదేరే ముందు డిక్కీ ఖాళీ చేయండి. జాకీ, పానా, డోరు అరల్లోని నీళ్ల సీసాలు అన్నీ తీసేయండి. వెనుక చక్రం లొడలొడలాడుతోందని వచ్చిన బండ్లలో స్టెపినీ బోల్టు బిగించగానే బాగైనవి లేకపోలేదు. పాటలు, ఏసీ, బ్లోయర్ ఆపేసి అద్దాలు పూర్తిగా దించండి.

ఏ వైపు నుంచి వస్తోందో తేలకపోతే గోడ సాయం తీసుకోండి. మిర్యాలగూడలో రైసు మిల్లుల ప్రహరీ గోడలు ఎంత పొడుగ్గా ఉంటాయో తెలిసిందే కదా. అలాంటి గోడను ఎడమవైపు ఉంచుకుని 30, 40 వేగంలో పక్కగా వెళ్లండి. గోడకు తగిలి చప్పుడు మీ చెవికి తిరిగి వస్తుంది. తర్వాత కుడివైపు గోడ ఉన్న చోట అలాగే వెళ్లి చూడండి. ఏ పక్క గోడ ఉన్నప్పుడు గట్టిగా వినిపించిందో చప్పుడు ఆ పక్కది.

తర్వాత మూడు పరీక్షలు. ముందూ వెనుకా బండ్లు లేని, నేరుగా ఉన్న రోడ్డు చూసుకోండి. హైవే మీద మాత్రం వద్దు.

మొదటిది న్యూట్రల్. 60 దాకా వెళ్లి, యాక్సిలరేటర్ వదిలి, గేరు న్యూట్రల్‌లోకి తెచ్చి బండిని దొర్లనివ్వండి. ఇంజను ఆపకూడదు. ఆపితే స్టీరింగ్, బ్రేకు రెండూ బరువెక్కిపోతాయి. చప్పుడు అలాగే ఉండి వేగంతో పాటు తగ్గితే అది చక్రాలది. న్యూట్రల్ చేయగానే పోతే ఇంజను వైపో, సైలెన్సర్ వైపో చూడాలి. అప్పుడు ఈ వ్యాసంతో మీకు పని లేదు.

రెండోది రోడ్డు మార్పు. మన ఊళ్లకు ఇది కలిసొచ్చిన విషయం. తారు రోడ్డు ఊరి పొలిమేరలో ఆగిపోయి సీసీ రోడ్డు మొదలవుతుంది. అదే వేగంలో ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదికి వెళ్లండి. చప్పుడు తీరు మారితే టైరు. నున్నటి కొత్త తారు మీదా, గరుకు సిమెంటు మీదా ఒకే స్వరంతో 'ఊఁ...' అని సాగితే బేరింగ్.

మూడోది వాలు. 40, 50 వేగంలో స్టీరింగ్‌ను కొద్దిగా ఎడమకూ, కుడికీ నెమ్మదిగా ఊపండి. ఎడమకు తిప్పితే బండి బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు హోరు పెరిగితే కుడి బేరింగ్, కుడికి తిప్పితే పెరిగితే ఎడమ బేరింగ్ అని అనుమానించాలి. ముందుదా వెనుకదా అన్నది పక్కన కూర్చున్న మనిషి చెవికి వదిలేయండి. ఈ పరీక్ష ప్రతిసారీ కచ్చితంగా తేల్చదు. ఫలితాన్ని అనుమానంగానే ఉంచుకుని, జాకీ వేశాక నిర్ధారించుకోండి.

ఇంకా టైరా, బేరింగా అన్న సందేహం తీరకపోతే పంచర్ షాపులో ఒకే పక్క ముందు టైరును వెనక్కీ, వెనుక టైరును ముందుకూ మార్పించండి. హోరు ఉన్న చోటు కూడా మారితే అది టైరుదే. దీనికయ్యే ఖర్చు బేరింగ్ ఖరీదుతో పోలిస్తే లెక్కలోకి రాదు. నా మాట అడిగితే, ఈ మార్పిడి చేసి చూడకుండా బేరింగ్ కొననే కొనకండి.

బేరింగ్ ఊరికే పోదు. వాగు పొంగినప్పుడు లో లెవల్ వంతెన మీద చక్రాలు మునిగేలా నడిపితే సీలు దాటి నీళ్లు లోపలికి వెళ్తాయి. హోరు మొదలయ్యేది ఆ తర్వాత కొన్ని వారాలకు. అందుకే ఎవరికీ ఆ వాగు గుర్తుకు రాదు. దమ్ము చేసే ఇనుప చక్రాల (కేజ్ వీల్స్) ట్రాక్టర్లు చెక్కేసిన రోడ్ల మీది గుంతలు ఇంకో కారణం. ఈ కాలపు కార్లలో హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) బేరింగులు మూసి ఉంచినవి. గ్రీజు పెట్టి బాగుచేస్తామంటే నమ్మకండి, అవి మార్చాల్సినవే. ట్రాలీలు, ట్రాక్టర్ల ముందు చక్రాల్లో ఉండే పాతరకం బేరింగులకు మాత్రం గ్రీజు, బిగింపు రెండూ ప్రాణం.

బ్రేకు తొక్కితే మారే చప్పుళ్లు

రాత్రి వానలో తడిసిన బండి పొద్దున మొదటి రెండు మూడు బ్రేకులకు 'గరగర' మంటే అది డిస్కు మీద పట్టిన సన్నని తుప్పు. దానంతటదే పోతుంది.

మొరం రోడ్డు మీద నుంచి వచ్చాక హఠాత్తుగా రేకు మీద మేకుతో గీసినట్టు కీచుమనడం మొదలైతే కంగారుపడకండి. చెవులు చిల్లులు పడేంత చప్పుడు వచ్చినా కారణం బఠాణీ గింజంత రాయి. డిస్కుకూ, దాని వెనుక ఉండే పలుచని రేకుకూ మధ్య ఇరుక్కుంటుంది. బండిని పదీ పదిహేను మీటర్లు వెనక్కి నడిపి, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుతూ మళ్లీ ముందుకు రండి. చాలామటుకు రాలిపోతుంది. రాలకపోతే, చక్రం చల్లారాక ఆ రేకును స్క్రూడ్రైవర్‌తో కొద్దిగా ఎడం చేస్తే పడిపోతుంది.

సన్నగా ఈలలాగా వస్తూ, బ్రేకు తొక్కితే మారేది చాలా కార్లలో ప్యాడ్లు అరిగాయన్న హెచ్చరిక. ప్యాడ్‌కు ఉండే చిన్న ఇనుప నాలుక డిస్కుకు తగిలి అలా అరుస్తుంది. రిమ్ము సందుల్లోంచి టార్చి వేసి చూడండి. ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్ల కంటే తక్కువైతే మార్చేయాలి. ఆ ఈలను పట్టించుకోకపోతే కొన్నాళ్లకు 'గర్ర్' మని ఇనుము ఇనుమును తినే చప్పుడు వస్తుంది. అప్పుడు డిస్కు కూడా పోతుంది, ఖర్చు రెండింతలు దాటుతుంది. ప్యాడ్లు ఎప్పుడైనా రెండు వైపులా జతగానే మార్చాలి. కీచుమంటోందని ప్యాడ్ల మీద నూనె చల్లే మహానుభావులున్నారు. చప్పుడు పోతుంది, దాంతో పాటు బ్రేకూ పోతుంది.

బ్రేకు పట్టుకుని వదలకపోవడం ఇంకో జబ్బు. సన్నని రాపిడి చప్పుడు, బండి ఒకవైపు లాగడం, మైలేజీ పడిపోవడం దీని గుర్తులు. బ్రేకు ఎక్కువ వాడకుండా పది కిలోమీటర్లు నడిపి ఆపండి. రిమ్ముల దగ్గర చేతి వెనుక భాగం పెట్టి వేడి చూడండి. తాకకండి, కాలుతుంది. వెనుక వాటికంటే ముందువి వేడిగా ఉండటం సహజం. కుడి, ఎడమలను పోల్చాలి. ఒకటి మాత్రమే సెగ కక్కుతుంటే అక్కడ బ్రేకు పట్టేసింది, లేదా బేరింగ్ చివరి దశలో ఉంది.

శ్రీశైలం వెళ్లేవారికి ఒక మాట. దోమలపెంట, ఈగలపెంట దాటి డ్యామ్ వైపు దిగేటప్పుడు బ్రేకు మీదే కాలుంచి దిగితే వాసన, కీచు చప్పుడు రెండూ వస్తాయి. బండిలో లోపం ఉండకపోవచ్చు, నడపడంలోనే ఉంది. రెండో గేరులో దిగండి. వాసన వస్తే వెడల్పున్న చోట ఆపి అరగంట చల్లారనివ్వండి, నీళ్లు మాత్రం పోయకండి. వేడి డిస్కు వంకర పోవచ్చు, పగలనూ వచ్చు. చక్రంలో అనుమానం ఉంటే అచ్చంపేటలోనే చూపించుకోండి. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక అడవి. రాత్రి 9 తర్వాత అక్కడ బండ్లను వదలరు కూడా.

మలుపులు, గుంతలు

ఖాళీ మైదానంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి, కొద్దిగా యాక్సిలరేటర్ ఇస్తూ గుండ్రంగా తిరగండి. 'టక టక టక' మంటే యాక్సిల్ చివరి జాయింట్. చాలాసార్లు మలుపుకు బయటివైపు ఉన్నదే. అంటే ఎడమకు తిరిగినప్పుడు అరిస్తే కుడివైపుది.

స్పీడ్ బ్రేకర్లకు మనకు కొదవ లేదు. వాటి మీద, చిన్న గతుకుల మీద 'లొడలొడ' మంటే చక్రం లోపలివైపు ఉండే సన్నని కడ్డీని, అంటే లింక్ రాడ్‌ను చేత్తో పట్టి ఊపి చూడండి. చవకైనది, తేలికగా మారేది. బ్రేకు వేసిన క్షణంలో ఒక్క 'ధడ్' మాత్రమే వినిపిస్తే చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌లోని రబ్బరు బుష్‌లు. నిలబడిన బండిలో స్టీరింగ్ తిప్పితే స్ప్రింగు దగ్గర 'టంగ్' మంటే షాక్ అబ్జార్బర్ పైన ఉండే మౌంట్.

జాకీ వేసి నిర్ధారించుకోవడం

గట్టి నేల, చదునైన చోటు తప్పనిసరి. దుక్కి పక్కన మెత్తటి మట్టిలో జాకీ దిగబడుతుంది. ఎత్తని చక్రాలకు ముందూ వెనుకా పెద్ద రాళ్లు పెట్టండి. జాకీ మీదున్న బండి కిందికి తల గానీ కాళ్లు గానీ పోనివ్వకండి.

ముందు చక్రం ఎత్తితే హ్యాండ్ బ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచాలి. గేరులో ఉంటే చక్రం సరిగా తిరగదు. వెనుక చక్రం ఎత్తితే ఇది తలకిందులు. హ్యాండ్ బ్రేకు దించి, గేరులో ఉంచాలి. ఇది ముందు చక్రాలతో నడిచే కార్లకే. ఇక్కడ తికమక పడితే బండి దొర్లుతుంది, అందుకే రాళ్లు.

చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. కదలిక తగిలితే, లోపల కూర్చున్న వారిని బ్రేకు తొక్కమని చెప్పి మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కగానే కదలిక పోతే బేరింగ్. అలాగే ఉంటే చక్రాన్ని ఆర్మ్‌కు కలిపే కీలు, అంటే బాల్ జాయింట్. పక్కలకు పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే ఆడితే స్టీరింగ్ కదలికను చక్రానికి అందించే టై రాడ్.

ఇక చేత్తో చక్రాన్ని గట్టిగా తిప్పి, రెండో చేతి వేళ్లను షాక్ అబ్జార్బర్ స్ప్రింగు మీద ఆనించండి. బేరింగ్ బాగుంటే వేళ్లకు ఏమీ తెలియదు. పాడైతే లోపల ఇసుక నలుగుతున్నట్టు సన్నని గరగర స్ప్రింగు గుండా వేళ్లకు తగులుతుంది. చెవికి వినపడని దశలోనే ఇది దొరుకుతుంది. రెండో పక్క చక్రాన్నీ తిప్పి పోల్చి చూడండి.

ఎప్పుడు ఇక నడపకూడదు

చక్రం చేతికి ఆడుతుంటే, పక్కగోడ ఉబ్బితే, బ్రేకు గర్రుమంటూ పెడల్ లోపలికి దిగిపోతుంటే, పొగ వస్తుంటే, టైరు మార్చిన మర్నాడే 'దడదడ' మొదలై స్టీరింగ్ వణికితే నడపకండి. చివరిదానికి కారణం చాలాసార్లు లూజుగా వదిలిన నట్లు. వెంటనే ఆపి పానాతో చూడండి. కదలిక లేని బేరింగ్ హోరు, మలుపులో టక టక, లింక్ రాడ్ లొడలొడ అయితే 40, 50 వేగంలో దగ్గరి షెడ్డు దాకా వెళ్లవచ్చు. విజయవాడ పెళ్లికి మాత్రం వేరే బండిలో వెళ్లండి.

బైకు అయితే సెంటర్ స్టాండ్ వేసి, చక్రాన్ని పక్కలకు ఊపి, తిప్పి చూస్తే చాలు. వెనుక నుంచి 'కటకట' వస్తే బేరింగ్ కంటే ముందు చైను చూడండి. ఇంజను ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ చైను ఒకచోట బిగుతు, ఒకచోట వదులు అవుతోందేమో గమనించండి.

షెడ్డులో

"అన్నా, 50 దాటితే ముందు కుడి చక్రంలో హోరు వస్తోంది. ఎడమకు తిప్పితే పెరుగుతుంది. టైర్లు మార్చి చూశాను, తేడా లేదు" అని చెప్పండి. అలా చెప్పిన మనిషి బండికి అనవసరపు పార్టులు వేయడానికి ఎవరైనా వెనకాడతారు. వీలైతే మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని చప్పుడు వచ్చే రోడ్డు మీదే నడపండి.

బేరింగ్ మారుస్తుంటే దాన్ని సమంగా నొక్కి ఎక్కించే ప్రెస్ మిషన్ ఉందా అని అడగండి. సుత్తితో కొట్టి ఎక్కించిన కొత్త బేరింగ్ అక్కడే సగం చస్తుంది. హబ్‌లో ప్రెస్ చేసే పనిని చిన్న షెడ్లు చాలావరకు లేత్ షాపుకు పంపిస్తాయి. అందులో తప్పేమీ లేదు, ఓ పూట ఆలస్యమైనా అదే సరైన పద్ధతి. తీసేసిన పాత బేరింగ్‌ను అడిగి తీసుకుని వేళ్ల మధ్య తిప్పండి. గరగరమంటే పని సరిగ్గా జరిగింది. నున్నగా తిరిగితే చప్పుడు ఇంకెక్కడో ఉంది. ఆ సంగతి డబ్బు కట్టకముందే మాట్లాడుకోండి.

చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ నట్లను వరుసగా కాక ఎదురెదురుగా బిగించాలి. ఎంత బలంతో బిగించాలో కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. పానా మీద నిలబడి తొక్కాల్సిన అవసరం లేదు. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక పానా తీసి ఇంకోసారి బిగింపు చూసుకోండి.